గిద్దతో దుర్గం దారిలో

షుగరు డాక్టరు నాలుగు కిలోమీటర్లు రాశాడు
మాత్రల కింద, అదీ ఒక మాత్రన్నట్టు.
ముప్పయ్యారేళ్ళుగా నా కాళ్ళు తొక్కింది మిషను పెడలే.
దారంటే నాకు గుడ్డ మీద సుద్దగీత.

పొద్దున్నే ఐదుకి షట్టరు ముందు
ఒళ్ళు విరుచుకోని లేచింది గిద్ద.
ఎవరి కుక్కా కాదు. పిల్లప్పుడు టీకొట్టు కాడ
పూటకి గిద్దెడు పాలు తాగేది, అదే పేరైపాయ.
ఉదయగిరి బజారు దాటి, గరిటెలు చెక్కే వీధి దాటి
కొండ దిక్కుకి నేను నడిస్తే
నాకంటే ముందు నడిచింది,
అడ్రసు తనకే తెలిసినట్టు.

జైబున్నిసా అరుగు మీద నర్ది చెక్క చిత్రిక పడతా
"యాడికి మస్తానయ్యా, కుక్కని కాపలా పెట్టుకోని?" అనింది.
ఎవరికెవరు కాపలానో
నాకూ తెలీలా.

అడవి మొదలయ్యే కాడ అడ్డకర్ర.
బీట్ గార్డు చెంచురామయ్య, ఆ చొక్కా భుజం కుట్టు నాదే,
గుండీలు పెట్టుకుంటా బయటికొచ్చి
"తాడు లేంది లోపలికి పోగూడదన్నా,
దుప్పులు పిల్లల్తో తిరిగే కాలం" అన్నాడు.

ఆ రాత్రే తాడు కుట్టా.
హైస్కూలు యూనిఫారాలు కోయగా మిగిలిన
నీలం నిక్కరు గుడ్డ, నాలుగు మడతలు,
డబుల్ కుట్టు, చివర ప్యాంటు హుక్కు.
మెడ కొలత తీస్తుంటే గిద్ద తలెత్తి నిలబడింది,
పెళ్ళి జాకెట్టుకొచ్చిన పిల్ల మాదిరి
ఊపిరి బిగబట్టి.

మొదట్లో ఇది అడవంటే అడవి కాదు.
మోకాలెత్తు కంపలు, ఎర్రమట్టి, గులకరాళ్ళు.
బలుసు, కలివి, పరికి.
మనిషినీ గొర్రెనీ ఒకే చేత్తో పట్టుకునే చెట్లు.
నా పంచె అంచు ప్రతి పొదకీ బాకీ.
నేను చూసేది ఆ పైన కోటగోడ.
గిద్ద చూడదు, చదువుతుంది:
ఒక రాయిని మూడుసార్లు,
ఒక గడ్డిపరకని మొదట్నుంచి కొసదాకా,
రాత్రి ఇట్టా పోయిన దేని గురించో
నన్ను పేజీ తిప్పనీకుండా.
నాలుగు కిలోమీటర్లు ఒకటిన్నర కాడ ఆగిపాయ.

కౌజులు గుప్పున లేస్తే తాడు బిగిసింది.
కుట్టు నిలిచింది.
ఎవరికన్నా చెప్పుకుందామంటే ఎవరూ లేరు.

మూడో వారానికి చెట్లు పెద్దవైన చోటికి చేరాం.
నీడ. ఎండుటాకుల మీద మా ఆరు కాళ్ళ చప్పుడు.
దానికి యాణ్ణో జాలునీళ్ళ వాసన,
నాకు నా చెమట వాసన.
కొబ్బరిచిప్పలో నీళ్ళు పోశా.
సగం తాగి చిప్ప నా వైపు తోసింది.
మూతి తగిలి జరిగిందంతే, నాకు తెలుసు.
అయినా "నువ్వే తాగు" అన్నా.

ఆ పైన బండ. బండ మీద మెట్లు. మెట్ల కొసన కోట.
ఈ కొండ కిందే పుట్టి యాభై ఎనిమిదేళ్ళు,
ఒక్కసారీ ఎక్కలా. ఇంకో అరగంటే.
గిద్ద కూచుంది.
"లే" అన్నా.
ముందుకాలు ఒకటెత్తింది. దించి, రెండోదెత్తింది.
అప్పుడు తట్టింది
నా కాళ్ళకి చెప్పులున్నాయని.

అరచెయ్యి తిరగేసి బండకి ఆనించా,
ఇస్త్రీపెట్టె చూసినట్టు.
కాటన్‌కయితే సరిపోయే వేడి.
సిల్కయితే అంటుకుపోద్ది.

ఎత్తుకోని దిగా నీడదాకా.
పేరుకే గిద్ద, మొయ్యబోతే కుంచెడు.
దాని గుండె నా జేబులోని టేపు మీద కొట్టుకుంటావుంది.

"పైన చూశావా?" అన్నాడు చెంచురామయ్య.
"చూశా" అన్నా.
బండని చూశా గదా.

షాపులో దాని కాలు ఒళ్ళో పెట్టుకోని
వేళ్ళ సందున పల్లేర్లు ఏరేశా.
కలివి ముళ్ళు మూడు సూదిమొనతో తీశా.
కళ్ళద్దాలు జారితే నాకి పైకి నెట్టింది.
ఆ ముళ్ళు నిటారుగా, నున్నగా ఉన్నాయి,
పారెయ్య బుద్ధి పుట్టలా.
సూదుల దిండుకి గుచ్చా, గుండుసూదుల పక్కన.

ఇయ్యాల ఎవరిదో జాకెట్టు చంక కాడ
గుండుసూదనుకోని ముల్లు పెట్టా.
బానే నిలిచింది.
గిద్ద నీలం తాడు కరుచుకోని
గడప మీద కూచోనుంది.
బండ ఎప్పటికి చల్లారుద్దో లెక్కేస్తున్నా.
తెల్లారుజామున మూడుకి బయల్దేరితే
టార్చిలైటు కావాల.